పదకొండుగురిని ఒక్కటి చేసిన గురువు రహీం సాహెబ్

ఫుట్‌బాల్ క్రీడలో బంతి ప్రత్యర్థి వశమైనప్పుడు ఒక్కడే ఆవేశంతో ముందుకు ఉరికితే వాని వెనుక ఖాళీ ఏర్పడుతుంది. తక్కినవారు అదే క్షణంలో కదిలి దారులన్నీ మూసినప్పుడే ఆ పరుగు సార్థకమవుతుంది. నేడు ప్రెస్సింగ్ అని వ్యవహరించే ఈ విద్యకు ప్రాణం సమష్టి చలనం. ఆ పేరు మన మైదానాలలో వినబడని రోజులలోనే సమష్టి భావాన్ని భారత జట్టుకు అలవరచిన మహనీయుడు మన హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో జన్మించిన రహీం సాహెబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. మైదానాన్ని సైతం ఆయన తరగతి గదిగానే భావించారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. బంతిని తన కాలి వద్దనే అట్టిపెట్టుకొనే అలవాటును మాన్పడానికి డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను ఆయన నిర్వహించేవారు. నైపుణ్యం ప్రదర్శనకు కాదు, తోటివానికి తోడ్పడడానికే అన్నది అందలి పాఠం.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన జట్టు స్వర్ణం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరపరాజయం పొందింది. రహీం సాహెబ్ క్రుంగిపోలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాల్గవ స్థానంలో నిలిపారు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి క్యాన్సర్ వ్యాధి ఆయన శరీరాన్ని తొలిచివేస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించింది. సెప్టెంబరు 4న ఫైనలులో మరల ఆ జట్టే ఎదురైంది. ప్రేక్షక జనసముద్రం మనకు ప్రతికూలం. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగును రహీం సాహెబ్ ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొక గోలు చేయగా భారత్ 2-1తో విజయం సాధించింది.

1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. తరువాత 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడలలోను మన ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం దక్కలేదు.

విద్యార్థి మిత్రులారా! బెంగాలీలు, పంజాబీలు, హైదరాబాదీలు కలిసిన జట్టు అది. భాషలు వేరు, మతాలు వేరు. పరుగు మాత్రం ఒక్కటి. ఒక బడిపంతులు మనకు విడిచిపోయిన ఆస్తి ఇదేనని మేము విశ్వసిస్తున్నాము.