జాకీర్ హుస్సేన్ గారు, సర్కారు బడి, మతం పాఠం

మన సొసైటీ సాయంకాలపు మక్తబుకు వచ్చే పిల్లల్లో చాలామంది పగటిపూట సర్కారు బడిలో చదివేవాళ్లే. ఉప్పల్ నుంచి కొందరు, నాచారం కార్ఖానాల వెనక బస్తీల నుంచి కొందరు వస్తారు. క్రిందటి రంజానుకు ముందు ఒక ఆరో తరగతి పిల్లవాడు మా దగ్గరికొచ్చి ఒక సంగతి చెప్పాడు. బడిలో వాడి పక్కన కూర్చునే స్నేహితుడు, రోజా అంటే మంచినీళ్లు కూడా ఎందుకు తాగరని అడిగితే వీడికి జవాబు తోచలేదట. బతుకమ్మను నీళ్లలో ఎందుకు వదులుతారని వీడు అడిగితే ఆ స్నేహితుడికీ తోచలేదట. టీచరమ్మను అడగకపోయారా అన్నాం. అడిగాం, బడిలో మతం మాటలు వద్దన్నారు అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ తరువాతి సమావేశంలో మాకు యిదే చర్చ అయింది. సర్కారు బడిలో మన పిల్లలకు దీనియాత్ చెప్పించమని అర్జీ పెడదామని కొందరన్నారు. మనం పెడితే మిగతావాళ్లూ పెడతారు, అప్పుడు మన పిల్లలు ఎవరి పాఠానికి కూర్చుంటారో చూసుకోండని మరికొందరన్నారు. చాయ్ చల్లారింది గాని చర్చ చల్లారలేదు. నిజానికి యీ చిక్కుముడి కొత్తది కాదు. 1937లోనే దీనిలో చెయ్యిపెట్టి, సొంతవాళ్ల చేతనే నానా మాటలూ పడిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన మన హైదరాబాదులోనే పుట్టారు. రాష్ట్రపతిగా ఆయన్ని ఎరగనివారు లేరు. బడిపంతులుగా ఎరిగినవారు తక్కువ. అందుకే యీ యేటి సంచికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారి జీవితాన్ని, ముఖ్యంగా ఆయన బడి జీవితాన్ని, మన కుటుంబాల ముందు వుంచుతున్నాం.

1897 ఫిబ్రవరి 8న ఆయన బేగంబజారులో జన్మించారు. మన ఉప్పల్ నుంచి బస్సెక్కితే గంటలో చేరే చోటు. వారి పూర్వీకులు అఫ్రీదీ పఠాన్లు, ఉత్తరప్రదేశ్ ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడినవారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదు వచ్చి వకీలుగా మంచి పేరు, మంచి రాబడి సంపాదించారు. అయితే జాకీర్ గారికి పదేళ్లు వచ్చేసరికి, 1907లో, తండ్రి క్షయవ్యాధితో కన్నుమూశారు. కుటుంబం కాయంగంజ్ వెళ్లిపోయింది. ఇటావా ఇస్లామియా హైస్కూలులో చదువుతుండగా 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. తండ్రిలేని పిల్లవాడు పద్నాలుగేళ్లకే తల్లిలేనివాడూ అయ్యాడు. హైదరాబాదుతో ఆ యింటి సంబంధం మాత్రం తెగలేదు. ఆయన తమ్ముడు, చరిత్రకారుడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ గారు తరువాత మన పొరుగునే వున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చాలా యేళ్లు ఆచార్యులుగా పనిచేశారు.

జాకీర్ గారు పైచదువుకు అలీగఢ్ చేరారు. 1920 అక్టోబరులో గాంధీగారు, అలీ సోదరులు అక్కడికి వచ్చి, ఇంగ్లీషు ప్రభుత్వపు సొమ్ముతో నడిచే కాలేజీని విడిచిరమ్మని పిలిచారు. వెళ్లినవారిలో యీయన ఒకరు. ఆ నెల 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. సర్కారు పైసా ముట్టకుండా, చందాల మీద బతికే విద్యాసంస్థ అది. కూడబెట్టి చందా సేకరించడమంటే ఏమిటో మన సొసైటీ సభ్యులకు మేము వేరే చెప్పనక్కర లేదు!

1922లో ఆయన జర్మనీ వెళ్లి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి డాక్టరేటు పొందారు. ఖాళీ వేళల్లో అక్కడి కావియానీ ప్రెస్సులో గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు, అక్షరాలు కూర్చడం కూడా నేర్చుకున్నారు. ఆ దేశంలో మతబోధ సర్కారు బడుల్లోనే ఒక మామూలు పాఠంగా వుండేది. 1919 నాటి వారి రాజ్యాంగంలోనే ఆ యేర్పాటు వుంది. ఏ శాఖవారి పిల్లలకు ఆ శాఖవారే చెప్పాలి, పిల్లల్ని పంపడం మానడం పెద్దల యిష్టం. ఫ్రాన్సులో దీనికి పూర్తిగా విరుద్ధం. 1882 చట్టంతో మతపాఠాన్ని బడి బయట పెట్టి, పెద్దలు కోరుకుంటే వేరే చోట చెప్పించుకోవడానికి ఆదివారం కాక మరొక రోజు సెలవు యిచ్చారు. మన మక్తబు పద్ధతి దానికి దగ్గరిదే.

1926లో ఆయన ఆబిద్ హుస్సేన్, ముజీబ్ గార్లతో కలిసి తిరిగివచ్చేసరికి జామియా ఢిల్లీ కరోల్‌బాగుకు మారివుంది, మూతపడే స్థితిలో వుంది. 1927 చివర హకీం అజ్మల్ ఖాన్ గారు గతించాక చందాలు కూడా వట్టిపోయాయి. అప్పుడు ఆ ఉపాధ్యాయులు యిరవై యేళ్లు నెలకు నూటయాభై రూపాయలకు మించని జీతంతో పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. జర్మనీ డాక్టరేటుకు బయట ఎంత విలువ వుండేదో ఊహించుకోవచ్చు. జామియాలో ఆయన చిన్నపిల్లల బడిని అన్నిటికంటే ఎక్కువ చూసుకునేవారు. బూట్లు మురికిగా వేసుకొచ్చే పిల్లల కోసం గేటు దగ్గర బ్రష్షు పట్టుకుని కూర్చుని తానే తుడిచారని యిప్పటికీ చెప్పుకుంటారు. ఆయన చిన్నకూతురు రెహానా చనిపోయిన కబురు వచ్చినప్పుడు బడిపిల్లలకు మిఠాయి పంచుతున్నారనీ, పిల్లల సంబరం చెదరకూడదని పంచడం పూర్తిచేశాకే లేచారనీ కూడా చెబుతారు. తరువాత పిల్లల కోసం రాసిన అబ్బూఖాన్ మేక కథను ఆయన ఆ కూతురి పేరుమీదనే ప్రచురించారు. 1935లో ఓఖ్లా దగ్గర కొత్త భవనానికి పునాదిరాయి వేయించినప్పుడు నవాబునో నాయకుణ్ణో పిలవలేదు. బడిలో అందరికంటే చిన్నవాడైన విద్యార్థి చేత వేయించారు.

ఒక మాట జ్ఞాపకం వుంచుకోవాలి. జామియాలో ముస్లిం పిల్లలకు దీనియాత్ బోధన వుండేది. ఆయనకు మతపాఠం గిట్టదని అనడానికి వీల్లేదు.

ఇక అసలు ఘట్టానికి వస్తాం. 1937లో రాష్ట్రాల్లో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. ఆ అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన విద్యాసభ జరిగింది. పిల్లల చేతిపని అమ్మకంతోనే బడి ఖర్చు వెళ్లాలన్న గాంధీగారి వాదాన్ని ఆ సభలోనే జాకీర్ గారు మొగమాటం లేకుండా విమర్శించారు. అయినా పథకం తయారుచేసే సంఘానికి గాంధీగారు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. వినోబా, కాకా కాలేల్కర్, కుమారప్ప, సయ్యిదైన్ ప్రభృతులు సభ్యులు. ఆ డిసెంబరు 2 నాటికే నివేదిక వచ్చింది. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు నిర్బంధ ఉచిత విద్య, మాతృభాషలో బోధన, చేతిపని ఆధారంగా చదువు, యిదీ దాని సారం. మతబోధ మాత్రం అందులో లేదు. దాని బదులు సాంఘిక పాఠాల్లో, ప్రపంచ మతాలన్నిటి పట్ల పరస్పర గౌరవం కలిగించడం ఒక లక్ష్యంగా పెట్టారు.

తన జామియాలో దీనియాత్ చెప్పించిన మనిషి, దేశం మొత్తానికి వేసిన పథకంలో దాన్ని ఎందుకు వదిలిపెట్టారు? మా ఉద్దేశంలో జవాబు పైసలో వుంది. జామియా మనవాళ్ల చందాతో నడిచేది. వార్ధా బడులు అందరి పన్నులతో నడవాలి. అందరి పైసతో నడిచే బడిలో ఒకరి ఇమాన్‌ను మరొకరి పిల్లలకు ఎలా నేర్పుతారు? నమాజు నేర్పడం ఇంటిపని, మస్జిదు పని. పక్కవాడు నమాజు ఎందుకు చదువుతాడో తెలియజెప్పడం బడిపని. యీ రెండూ వేరు. మా సమావేశంలో యీ రెంటినీ ఒకటిగా కలిపి మాట్లాడినందువల్లనే చాయ్ చల్లారిపోయింది.

అయితే ఆనాడు యీ తేడా ఎవరు వింటారు? 1938లో ముస్లిం లీగు వార్ధా పథకాన్ని గట్టిగా ఖండించింది. పీర్‌పూర్ నివేదిక దాన్ని తప్పుపట్టింది. అన్ని మతాలూ సమానమని చెబితే మన పిల్లల విశ్వాసం సడలుతుందనీ, మతపాఠం తీసివేసిన చోట మెజారిటీవారి ఆచారాలే చాటుగా వచ్చి కూర్చుంటాయనీ వారి భయం. ముస్లిం విద్యామహాసభ యీ విషయాల మీద వేసిన సంఘానికి మన హైదరాబాదు నవాబు కమాల్ యార్ జంగ్ గారే అధ్యక్షులు. ఇలా హైదరాబాదువారే యిరుపక్కలా నిలబడ్డారు. జాకీర్ గారి దీన్‌ను శంకించినవారు కూడా వున్నారు.

ఆ భయాన్ని వట్టి రాజకీయమని మేము కొట్టిపారేయలేం. నార్వే దేశం 1997లో అన్ని మతాల పిల్లలకూ కలిపి ఒకే మతజ్ఞాన పాఠం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాని పాఠంలో ఎక్కువ భాగం క్రైస్తవం వైపే మొగ్గిందనీ, వద్దనుకున్న పెద్దలకు పూర్తిగా తప్పించుకునే దారి లేదనీ కొందరు తల్లిదండ్రులు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2007లో తీర్పు, ఒక్క ఓటు తేడాతో, వారికి అనుకూలంగా వచ్చింది. కనుక పాఠం ఎవరు రాస్తారు, ఎవరు చెబుతారు అని అడగడం తప్పుకాదు. జాకీర్ గారి పథకానికి తగిన ఉపాధ్యాయులు దొరకకపోవడమే దాని అసలు లోపమని మా అభిప్రాయం. ఆ మాటకొస్తే, ప్రాథమిక విద్య పేరుతో జరుగుతున్నది చాలావరకు మోసమేనని తరువాతి రోజుల్లో ఆయనే బహిరంగంగా బాధపడ్డారు.

1946లో తాత్కాలిక ప్రభుత్వంలో ఆయన పేరు వచ్చినప్పుడు జిన్నా సాహెబు ససేమిరా ఒప్పుకోలేదు. అదే సంవత్సరం నవంబరు 17న జామియా రజతోత్సవానికి జాకీర్ గారు ఆ జిన్నా సాహెబునే పిలిచారు. నెహ్రూ, ఆజాద్, రాజాజీ, లియాఖత్ అలీ గార్లు కూడా అదే వేదిక మీద వున్నారు. బయట కొట్లాటలు సాగుతున్న రోజులు. దేశాన్ని అంటుకున్న మంటను మీరే ఆర్పాలి, యీ మంటల్లో పిల్లలకు సంస్కారం నేర్పడం మావల్ల కాదు అన్న భావంతో ఆయన వారిని వేడుకున్నారు. వారందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగినవాడు ఆ రోజుల్లో ఒక బడిపంతులే అయ్యాడు.

మంట ఆరలేదు. 1947 ఆగస్టులో ఆరోగ్యం కోసం కాశ్మీరు వెళుతూ జలంధరు స్టేషనులో ఆయన అల్లరిమూక చేతికి చిక్కారు. ప్రాణం పోవలసిన వేళ ఒక సిక్కు కాప్టెను, ఒక హిందూ రైల్వే అధికారి అడ్డుపడి కాపాడారు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరయ్యారు. అదే సమయంలో మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషనులో సభ్యులుగా పనిచేశారు. డిగ్రీ మొదటి యేడు అన్ని మతాల మహనీయుల జీవితాలు, రెండో యేడు వివిధ మతగ్రంథాల్లోని సార్వజనీన భాగాలు, మూడో యేడు మతతత్వశాస్త్రం చెప్పాలని ఆ కమిషను సలహా యిచ్చింది. 1950లో అమలైన రాజ్యాంగం 28వ అధికరణం, పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే సంస్థలో మతబోధ కూడదన్నది. సర్కారు గుర్తింపో సహాయమో పొందిన బడిలో మతబోధ వుంటే, పెద్దల సమ్మతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ దానికి కూర్చోబెట్టరాదన్నది. యీ రెండో ముక్క మన కుటుంబాలు తప్పక తెలుసుకోవలసింది.

1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. యీ మెట్లన్నీ పత్రికల్లో వచ్చినవే గనుక విస్తరించడం లేదు. ఆయన ఉపరాష్ట్రపతిగా వుండగానే 1966లో కొఠారీ కమిషను నివేదిక వచ్చింది. వార్ధా సంఘంలో ఆయనతో కూర్చున్న సయ్యిదైన్ గారు అందులోనూ సభ్యులు. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాలను గురించి చెప్పడం వేరని ఆ కమిషను విడదీసి చెప్పి, ముఖ్యమైన మతాల పరిచయం పిల్లలందరికీ వుండాలన్నది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1963లో, బడిలో ప్రార్థనగా బైబిలు చదివించడం కూడదు గాని మతాలను చదువుగా చెప్పవచ్చునన్నది. 2002లో మన సుప్రీంకోర్టు సైతం మతాలను గురించి చెప్పడం 28వ అధికరణానికి విరుద్ధం కాదని తీర్పు చెప్పింది. అంటే మన పిల్లవాడి ప్రశ్నకు ఆ టీచరమ్మ జవాబు చెప్పివుంటే చట్టం అడ్డురాదు. ఆమె భయం ఆమెకుంది, మేము తప్పుపట్టడం లేదు.

1969 మే 3న, రాష్ట్రపతి పదవిలో వుండగానే, ఆయన కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు.

ఆ ఆరో తరగతి పిల్లవాడి సంగతి చెప్పలేదు కదూ. రోజా గురించి మక్తబులో మేమే చెప్పాం. బతుకమ్మ మాకు సరిగా చెప్పవస్తుందా? పక్కింటి అక్కయ్యను ఒక సాయంత్రం పిలిచాం. ఆమె తంగేడు, గునుగు, బంతి అంటూ పూల పేర్లతో మొదలుపెట్టి, తొమ్మిది రోజుల ముచ్చటా చెప్పుకొచ్చింది. పిల్లలు వదలలేదు. ఇషా అజాను అయ్యేదాకా ప్రశ్నలు వేస్తూనే వున్నారు. వచ్చే వారం తన కొడుకును కూడా తీసుకొస్తాననీ, వాడికి రోజా సంగతి మీరు చెప్పాలనీ అని వెళ్లింది.