మెట్రిక్ మూడోసారి పాసైన మహనీయుడు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు మీద మనసు నిలవక, యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నతనంలో కాశీకి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను బలిగొంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు.

1923లో బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూకు అదే మందయింది.

అసలు విశేషం ఆ తర్వాతిది. రక్తక్యాన్సర్‌లో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఒక కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. తాళంలోకి సరిగ్గా దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే చెవి ఎలా ఉంటుందో, ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినాప్టెరిన్ అలా పనిచేస్తుంది. ఆయన బృందం తయారుచేసిన ఆ మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో వెలువడిన నివేదిక ప్రకారం 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. ఆ ఊరట తాత్కాలికమే. కానీ అప్పటిదాకా ఆ జబ్బుకు దారే లేదు.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు కన్నుమూశారు. భార్య శేషగిరి గారిని మళ్లీ చూడనేలేదు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. కణాలలో ఏ జన్యువులు గాడి తప్పాయో చూసి ఇప్పుడు చికిత్స తీవ్రతను నిర్ణయిస్తున్నారు. మంచి వైద్యం అందేచోట పది మందిలో సుమారు తొమ్మిది మంది కోలుకుంటున్నారు.

మన సంఘం ఏటా మొదటి ర్యాంకులకు బహుమతులు ఇస్తోంది. ఈ స్వర్ణోత్సవం నుంచి, ఒకసారి తప్పి మళ్లీ పరీక్ష రాసి పాసైన విద్యార్థికి కూడా సుబ్బారావు గారి పేరిట ఒక బహుమతి ఉంచాలని పెద్దలకు నా మనవి.