కాలువ తవ్వించిన క్లౌ దొరగారు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఇంజనీరుగా నా ఉద్యోగ అనుభవాలు రాద్దామనుకున్నాను. కానీ చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న ఒక బాకీ గుర్తుకొచ్చింది. అది తీర్చుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు లేదనిపించి, మన గుండ్లకమ్మ ఒడ్డున బతికిన ఒక పెద్దమనిషి జీవితం గురించి రాస్తున్నాను.

అద్దంకి అనగానే మనకు పండరంగని శాసనం, ప్రోలయ వేమారెడ్డి, ఎర్రన గుర్తొస్తారు. మన మాస్టార్లు అవి మనకు బాగా నేర్పారు. అదే గుండ్లకమ్మ ఒడ్డున, మన ఊరికి దిగువన వెల్లంపల్లి దగ్గర, 1878 జూలైలో జరిగిన సంగతి మాత్రం మన పాఠాల్లో లేదు. దాని గురించి నాకు తెలిసినదల్లా ఎగతాళిగా విన్నదే. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు నా పక్క బెంచీ మిత్రుడితో తగువొచ్చింది. అతను పల్లె నుంచి వచ్చేవాడు, వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. మీ తాతలు కరువులో కూటి కోసం కలిసిన వాళ్ళే కదా అన్నాను. ఆ మాట నాది కాదు, పెద్దల నోట విన్నదే. అతను ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వేరే బెంచీలో కూర్చున్నాడు.

తర్వాత నేను ఇంజనీరింగ్ చదివి నీటిపారుదల పనుల్లో చేరాను. బకింగ్‌హామ్ కాలువ చరిత్ర చదువుతుండగా డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ పేరు తగిలింది. కాలువకూ మిషనరీకీ ఏమిటి సంబంధమని వెతుకుతూ పోతే, నేను చిన్నప్పుడు అన్న మాట ఎంత తప్పో తెలిసింది.

క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. సరిగ్గా ఆ ఏడాదే శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ తెలుగువారి కోసం మన దేశంలో అడుగుపెట్టారు. క్లౌగారి కుటుంబం తర్వాత పడమటి రాష్ట్రాలకు తరలిపోయింది. యువకుడిగా ఆయన మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ సర్వే బృందాల్లో పనిచేశారు. మనుషులు లేని అడవుల్లో గొలుసులు లాగుతూ, హద్దులు పాతుతూ, గుడారాల్లో పడుకుంటూ పని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆయనకు మతం మీద పెద్దగా ధ్యాస లేదు. అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్‌లో చదువుకునే రోజుల్లో భక్తి కలిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత మిషనరీగా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు.

అప్పటికి నెల్లూరులోని తెలుగు మిషను పరిస్థితి ఏమీ బాగాలేదు. ఏళ్ళ తరబడి శ్రమించినా సంఘంలో చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అయినా లైమన్ జూయెట్ గారు ఆశ వదులుకోలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో జూలియా అనే తెలుగు యువతి కూడా ఉంది. ఒంగోలు వాళ్ళు ఆ గుట్టను ఇప్పటికీ ప్రార్థన కొండగానే గుర్తుపెట్టుకున్నారు.

ఆ ప్రార్థన జరిగిన పదకొండేళ్ళకు, 1865 ఏప్రిల్‌లో, క్లౌగారు భార్య హారియట్‌తో మద్రాసులో దిగారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పట్లో ఒంగోలు, అద్దంకి ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది.

ఈ కథలో క్లౌగారితో సమానంగా చెప్పుకోవలసిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులంలో పుట్టి, తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊరూరూ తిరిగినవాడు. గురువుల దగ్గర యోగం నేర్చుకున్నవాడు. ఆయనకు శిష్యులు కూడా ఉండేవారు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం తీసుకుని, తిరిగి వెళ్ళి తన వాళ్ళకు తానే చెప్పుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌగారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చింతతోపులో జనం మూటాముల్లెతో వచ్చి కూర్చున్నారు. కొన్నాళ్ళు అక్కడే ఉండి బోధించాక 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంటే ఈ నేల మీద ఆ విత్తనం చల్లింది దొర కాదు, పేరయ్య. దొర వచ్చేటప్పటికే మొలక కనిపిస్తోంది.

దీనితో ఒంగోలులో చిక్కొచ్చింది. ఊళ్ళోని బ్రాహ్మణ పెద్దల కోరిక మీద క్లౌగారు అగ్రవర్ణాల పిల్లలకు బడి పెట్టారు. బడి బాగా నడుస్తోంది, పెద్దవాళ్ళ స్నేహమూ దొరికింది. ఈలోగా మాదిగలు సంఘంలో చేరుతామని వచ్చారు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని పెద్దలు కబురు పెట్టారు. పై కులాల ద్వారా ఊళ్ళోకి వెళ్ళాలన్నదే ఆనాటి చాలామంది మిషనరీల పద్ధతి. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారట. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించింది. దేవుడు పిలిచినవారిలో గొప్పవారు ఎక్కువమంది లేరని చెప్పే భాగం అది. వాళ్ళు మాదిగల వైపే నిలబడ్డారు. బడి ఖాళీ అయింది. నడుస్తున్న బడి ఖాళీ కావడమంటే ఏమిటో ఈ సంచిక చదివే ఉపాధ్యాయులకు వేరే చెప్పక్కర్లేదు.

చేరేవాళ్ళకు క్లౌగారు పెట్టిన నియమాలు కొద్దివే. ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలికగానే ఉన్నాయి. కానీ ఊళ్ళో వెట్టి చేసే మనిషికి ఆదివారం పని మానడమంటే కరణంతో, మునసబుతో, రైతుతో తగువే. జాతరలో డప్పు కొట్టనంటే ఇంకా పెద్ద తగువు. నీళ్ళు ఆపారు, కూలి ఆపారు, కొట్టారు. అయినా ప్రతి పల్లెలో నలుగురైదుగురు పెద్దలను ఎంచుకుని, తమ తగవులు తామే తీర్చుకుంటూ ఆ సంఘాలు నిలబడ్డాయి. మన పాత పంచాయతీ పద్ధతినే క్లౌగారు ఉంచారు గానీ, అమెరికా పద్ధతిని తెచ్చి నెత్తిన పెట్టలేదు.

ఇక ధాత కరువు. 1876లో వానలు పూర్తిగా తప్పిపోయాయి. 1878 వరకు దక్షిణదేశమంతటా యాభై లక్షలకు పైగా మనుషులు చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. మెట్ట పొలాల మీద ఆధారపడిన మన వైపు పల్లెల సంగతి చెప్పనక్కర్లేదు. రైతు దగ్గరే గింజ లేనప్పుడు, రైతు పెట్టే గింజ మీద బతికే పల్లెకు ఏముంటుంది?

అప్పుడు మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద, గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు మీద కోస్తా వెంట కాలువ తవ్వించసాగింది. పనులైతే ఉన్నాయి గానీ పైవాళ్ళ దౌర్జన్యానికి మాదిగ కూలీలు ఆ పనుల్లో నిలవలేకపోతున్నారు. అప్పుడు క్లౌగారికి తన సర్వే చదువు అక్కరకొచ్చింది. దాదాపు మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం ఆయనే కాంట్రాక్టుకు తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించి మకాం పెట్టారు. నీళ్ళకు బావులు తవ్వించారు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టి, ఒక్కొక్కరికి కొంతమంది కూలీలను అప్పగించారు. మగవాళ్ళు పలుగూ పారా, ఆడవాళ్ళు గంపలు పట్టారు. ఒక్కోసారి మూడు వేల మందికి పైగా పనిలో ఉండేవారు. క్రైస్తవులు కానివాళ్ళు కూడా వాళ్ళలో ఎందరో.

మట్టిపని చేయించిన వాళ్ళకు ఇందులోని కష్టం తెలుస్తుంది. ఆకలితో ఉన్న మనిషి ఎంత మట్టి తవ్వగలడు? ప్రభుత్వం కొలిచి డబ్బిస్తుంది. కొలత తగ్గితే కాంట్రాక్టరు మునుగుతాడు, కూలి తగ్గిస్తే మనిషి చస్తాడు. ఈ రెంటి మధ్య మస్టరు రాసుకుంటూ, కూలి చెల్లిస్తూ, కలరా వస్తే మందులిస్తూ పని పూర్తి చేయడం మామూలు విషయం కాదు. నా ఉద్యోగ జీవితంలో మస్టర్లు చాలా చూశాను. లేని పేర్లున్న మస్టర్లు కూడా చూశాను. అందుకే ఆ మకాం గురించి చదివినప్పుడు మనసులోనే నమస్కరించాను.

నేను చిన్నప్పుడు అన్న మాటకు సమాధానం ఇక్కడే ఉంది. మధ్యాహ్నం విశ్రాంతి వేళల్లో బోధకులు జనం మధ్య కూర్చుని మాట్లాడేవారు. వేలాదిమంది విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌగారు ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. పని చేతిలో ఉంది, కూలి చేతిలో ఉంది, లండన్ నుంచి వచ్చిన సహాయ నిధి డబ్బు పంచే బాధ్యతా చేతిలో ఉంది. ఆ సమయంలో చేరినవాడు తిండి కోసం చేరాడో, నమ్మి చేరాడో ఎవరికి తెలుస్తుంది? చేరినవాడికే తెలియకపోవచ్చు. అందుకని ఆయన కాదన్నారు. చేరికల లెక్క కోసం ఎదురుచూసే సంస్థ మనిషి, చేరతామని వేలమంది వస్తున్నప్పుడు కాదనడం ఎంత కష్టమో ఆలోచించండి.

కరువు సడలింది. సహాయం పనులు ముగిశాయి. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. ఒంగోలులో అప్పుడు మశూచి ఉండటంతో, ఊరికి ఉత్తరాన పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి తోపులో కలుసుకున్నారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఏట్లోకి దిగారు. క్లౌగారు తాను నీళ్ళలోకి దిగలేదు. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య పన్నెండు వేలు దాటింది.

చాలామంది ఈ 2,222 అనే అంకె దగ్గరే ఆగిపోతారు. కొందరు గర్వంగా చెబుతారు, కొందరు అనుమానంగా చెబుతారు. అమెరికాలో సొంత వాళ్ళు కూడా అనుమానించారు. ఇంతమందికి ఒక్కసారిగా బోధన ఎలా సాగుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. పల్లెలు వేలకొద్దీ మనుషులతో నిండాయి గానీ బోధకులు, బడులు చాలలేదు. ఆ లోటు పూడ్చడానికే క్లౌగారి మిగతా జీవితం సరిపోయింది. పల్లె బడులు, ఉపాధ్యాయుల శిక్షణ, ఒంగోలు హైస్కూలు అలా పెరిగినవే. 1890 ప్రాంతంలో అమెరికా వెళ్ళి, పాతికమంది కొత్త మిషనరీలు కావాలని, యాభై వేల డాలర్లు కావాలని సంఘాల చుట్టూ తిరిగారు.

హారియట్‌గారు 1893లో కన్నుమూశారు. ఆడపిల్లల చదువుకు తొలి అడుగులు వేసిన ఆమె గురించి విడిగా ఎవరైనా రాయాలి. తర్వాత క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. మాదిగల జీవితం గురించి, వాళ్ళ గురువుల గురించి ఆమె రాసిన పుస్తకం 1899లో వచ్చింది. క్లౌగారి జ్ఞాపకాలను అక్షరబద్ధం చేసిందీ ఆమే. పేరయ్య లాంటి వాళ్ళ పేర్లు మనకు మిగిలాయంటే అందులో ఆమె పాలు చాలా ఉంది. నలభై ఏళ్ళకు పైగా మన ఎండల్లో గడిపిన క్లౌగారు 1910లో అమెరికా వెళ్ళిపోయి, ఆ నవంబరు 24న రోచెస్టర్‌లో మరణించారు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి వెలిసింది.

నేను బాప్టిస్టును కాను. ఎవరి విశ్వాసం గొప్పదని తేల్చడానికి ఇది రాయలేదు. చేతిలో అన్నం ఉన్నవాడు ఆకలిగొన్నవాడి దగ్గర ఏమైనా రాయించుకోవచ్చు. క్లౌగారు పనిచ్చారు, కూలిచ్చారు, బదులుగా ఏమీ రాయించుకోలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు తమంత తాము వచ్చారు. కరువులో మట్టి మోసి, కూలి తీసుకుని బతికి, ఆ పని ముగిశాక తమ నిర్ణయం తాము తీసుకున్నారు. వాళ్ళను కూటి కోసం కలిసినవారని అనడం వాళ్ళ చెమటకూ, వాళ్ళ వివేకానికీ రెంటికీ అవమానం.

మన సంఘం ఏటా పేద విద్యార్థులకు ఫీజులు, పుస్తకాలు ఇస్తోంది. స్వర్ణోత్సవం తర్వాత ఇంకా ఎక్కువ ఇస్తుందని ఆశిస్తున్నాను. నాదొక్కటే విన్నపం. తీసుకునే పిల్లవాణ్ణి వేదిక మీదికి పిలిచి ఫొటో తీయించవద్దు. మన పేరు చెప్పుకోవాలని అడగవద్దు. లెక్క మాత్రం పైసాతో సహా రాద్దాం.

పల్లె నుంచి వచ్చిన నా పాత మిత్రుడు ఈ సంచిక చదువుతాడో లేదో తెలియదు. ఉపాధ్యాయుడయ్యాడని విన్నాను. చదివితే, ఏడో తరగతిలో నేనన్న మాట తప్పని ఇక్కడ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. ఈ ఉత్సవానికి వస్తే నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంచుతాను.