పెర్పెతువ చరిత్రము

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములందు గుడియు, మసీదును, చర్చియు ఇరుగుపొరుగుగా నుండుట మనకు వింత గాదు. కాని ఒక మతము నవలంబించుటయే మరణదండనకు తగిన నేరమైన కాలమును లోకమున నుండెను. అట్టి కాలమున చెఱసాలలో కూర్చుండి తన కథను తానే వ్రాసికొన్న స్త్రీ పెర్పెతువ.

ఆమె ఆఫ్రికా ఉత్తరభాగమున, నేటి ట్యునీషియా దేశమున, ఉన్నత కుటుంబమున పుట్టి చక్కగా చదువుకొనెను. క్రీ. శ. 203 నాటికి వయస్సు సుమారు 22 ఏండ్లు, చంటిబిడ్డ తల్లి. రోమను చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్. క్రైస్తవదీక్షకై శిక్షణ పొందుచుండగా ఆమెను, గర్భవతియైన దాసి ఫెలిసిటాసును, మఱి ముగ్గురిని భటులు బంధించిరి. వారి గురువు సాటురుసు తనంతట తానే వచ్చి వారితో చెఱ జేరెను.

చెఱసాల చీకటిగుహ. పాలులేక పసికందు సోలిపోయెను. ఇరువురు సంఘపరిచారకులు కావలివారికి సొమ్మిచ్చి ఆమెకు కొన్ని గడియలు మంచిచోట విశ్రాంతి కల్పించిరి. బిడ్డను తనయొద్ద నుంచుకొన ననుమతి దొరకినంతనే ఆ చెఱయే ఆమెకు రాజభవనమయ్యెను.

అంతకు మించిన పరీక్ష తండ్రివలన వచ్చెను. ప్రహ్లాదుని తండ్రి బిడ్డను చంపబూనెను. ఈమె తండ్రి బిడ్డను బ్రతికించుకొనబూనెను. నెరసిన తల జూపి, పసివాని జూపి, కూతురి చేతులు ముద్దిడి, పాదములపై బడి మనసు మార్చుకొమ్మని విలపించెను. కుండను కుండ యనక వేఱొక పేర పిలువరానట్లు, తానును క్రైస్తవురాలను గాక వేఱొకతెను గాజాలనని ఆమె పలికెను. కార్తేజి నగరమున విచారణనాడు అధికారి హిలరియానుసు చక్రవర్తి క్షేమార్థము బలి యర్పింపు మనగా నిరాకరించెను. అడ్డువచ్చిన తండ్రిని అతడు బెత్తముతో కొట్టించెను. ఆ దెబ్బ తనకే తగిలినట్లు ఆమె కుమిలెను. అయినను మాట మార్చలేదు. వారిని క్రూరమృగముల కెర వేయ తీర్పయ్యెను.

గర్భవతులను చంపరాదని నాటి చట్టము. తోడివారికి తాను దూరమగుదునని ఫెలిసిటాసు వగచెను. ఎనిమిదవ నెలలోనే చెఱయందు ఆడుశిశువును కనెను. ఆ శిశువును ఒక క్రైస్తవస్త్రీ పెంచెను.

మార్చి 7వ తేదీన, యువరాజు గేటా జన్మదినోత్సవమున, వారిని రంగస్థలమునకు గొనిపోయిరి. అన్యదేవతల పూజారుల వేషము కట్టుమనగా పెర్పెతువ తిరస్కరించి, అధికారిచే నొప్పించెను. పొగరుబోతు ఆవొకటి ఇరువురు స్త్రీలను కుమ్మి పడవైచెను. పెర్పెతువ లేచి, చినిగిన వస్త్రము సవరించుకొని, విరిసిన జుట్టు శోకచిహ్నమని ముడిచికొని, ఫెలిసిటాసునకు చేయందిచ్చి లేవదీసెను. తుదకు కత్తి దూసిన క్రొత్తవాని చేయి వణకగా, ఆ చేతిని తన కంఠమునకు తానే నడిపెను.

ఆమె వ్రాత అంతకు ముందటి దినముతో నాగెను. తక్కిన కథను వేఱొకరు పూర్తిచేసిరి. ఆమె ధైర్యమును మెచ్చువారు ఆ ముదుసలి తండ్రి కన్నీటిని మఱువరాదు. దానిని ఆమెయు మఱుగుపఱుపలేదు. తీర్పు చెప్పిన సామ్రాజ్యము కూలెను. చేతివ్రాతగా ఒకరినుండి యొకరికి చేరిన ఆ చిన్నపుస్తకము 1,800 ఏండ్లు దాటియు నిలిచియున్నది.