జార్ కార్ల షెడ్డు నుంచి డ్యూయల్ క్లచ్ దాకా: అడోల్ఫ్ కెగ్రెస్ ప్రయాణం

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరు, దాటి ఉత్తరానికి వెళ్లే ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడి నుంచి జారవాల రిజర్వు అడవి మొదలు. వాహనాలన్నీ వరుస కట్టి కాన్వాయ్‌గా వెళ్లాలి. గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ముందున్న బండిని దాటకూడదు, మధ్యలో ఆగకూడదు. మలుపులు, ఎత్తుపల్లాలు దాటి మిడిల్ స్ట్రెయిట్ చేరాక, కారును నడక వేగంతో ఫెర్రీ మీదకు ఎక్కించాలి.

గంటకు 300 కిలోమీటర్లు పోగల స్పోర్ట్స్ కారుకు ఇలాంటి దారే అసలు పరీక్ష. హైవే మీద క్షణంలో, ప్రయాణికుడికి తెలియకుండా గేరు మార్చే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, 10-15 కిలోమీటర్ల వేగంలో మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు తడబడుతుంది. వెనక నుంచి ఎవరో నెట్టినట్టు చిన్న కుదుపు వస్తుంది. అదే తరహా గేరుబాక్సు ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే మామూలు కార్లలోకీ వచ్చింది కాబట్టి, హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకూ ఈ కుదుపు కొత్త కాదు.

ఆ గేరుబాక్సు ఆలోచనను కాగితం మీద నుంచి కారులోకి తెచ్చే ప్రయత్నం చేసిన తొలి వ్యక్తిగా చరిత్ర చెప్పే పేరు అడోల్ఫ్ కెగ్రెస్. ఫ్రెంచ్ ఇంజినీరు. రష్యా చక్రవర్తి కారు నడిపాడు, విప్లవంలో కొలువు పోగొట్టుకున్నాడు, సహారా దాటే బండ్లకు పట్టీలు తొడిగాడు. చివరికి తన ఆఖరి ఆవిష్కరణ రోడ్డెక్కకుండానే కన్నుమూశాడు.

చక్రవర్తి గ్యారేజీలో

కెగ్రెస్ 1879 జూన్ 20న తూర్పు ఫ్రాన్స్‌లోని ఎరికూర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. మెకానిక్ పనిలో చెయ్యి తిరిగాక, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో రష్యా వెళ్లాడు. అప్పుడప్పుడే జార్ రెండో నికొలస్‌కు మోటారు కార్ల మీద మక్కువ మొదలైంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర సార్స్‌కోయే సెలోలో రాజ కుటుంబం కార్ల కోసం పెద్ద గ్యారేజీ వెలిసింది. ఫ్రాన్స్ నుంచి దెలొనే-బెల్‌విల్ వంటి ఖరీదైన కార్లు దిగాయి. కెగ్రెస్ ఆ గ్యారేజీలో సాంకేతిక వ్యవహారాలకు పెద్ద అయ్యాడు. చక్రవర్తి కారు నడిపే బాధ్యతా అతనిదే.

ఖరీదైన కార్లకు రష్యాలో ఒక పెద్ద అడ్డంకి ఉంది. ఏడాదిలో సగం కాలం మంచు. చక్రం మంచులో కూరుకుపోతే లక్షల విలువ చేసే కారైనా గుర్రాల సాయంతో బయటికి రావాల్సిందే. అప్పటికే ఇనుప పట్టీల మీద నడిచే ట్రాక్టర్లు వచ్చాయి. అవి బరువు, నెమ్మది, రొద. చక్రవర్తి కూర్చునే కారుకు అవి పనికిరావు.

కెగ్రెస్ వెనక చక్రాలు తీసేసి, వాటి స్థానంలో చిన్న చిన్న రోలర్ల మీద తిరిగే మెత్తటి పట్టీని అమర్చాడు. ముందు చక్రాలకు స్కీలు తగిలించాడు. పట్టీ వంగుతుంది, నేల తీరును బట్టి ఒదుగుతుంది. కారు బరువు ఒకచోట పడకుండా పొడుగునా పరుచుకోవడంతో మంచులో దిగబడదు. జార్ ప్యాకార్డ్ కారు ఇలాగే మంచు మీద నడిచే బండిగా మారింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక సైన్యం కూడా ఈ పట్టీల మీద కన్నేసింది. పుతిలోవ్ కర్మాగారంలో ఆస్టిన్ సాయుధ వాహనాలకు వీటిని బిగించారు.

1917లో విప్లవం వచ్చింది. జార్ గద్దె దిగాడు. చక్రవర్తి డ్రైవరుగా పనిచేసిన విదేశీయుడికి అక్కడ ఉండటం క్షేమం కాదు. కెగ్రెస్ ఫిన్లాండ్ మీదుగా బయటపడి స్వదేశం చేరాడు. పదేళ్లకు పైగా కూడబెట్టుకున్న కొలువు, హోదా అక్కడే ఉండిపోయాయి. పట్టీ కూడా అక్కడే ఉండిపోయింది, అయితే కొత్త యజమానుల చేతిలో. తర్వాతి ఏళ్లలో లెనిన్ రోల్స్ రాయిస్ కారుకూ కెగ్రెస్ పట్టీలే తొడిగారు. మాస్కో దగ్గర గోర్కీలోని మ్యూజియంలో ఆ కారు నేటికీ ఉంది. చక్రవర్తి కోసం పుట్టిన యంత్రం, విప్లవ నాయకుడిని మోసింది.

సిట్రోయెన్ చెంతన

చేతిలో పేటెంటు తప్ప మరేమీ లేని మనిషికి 1920 ప్రాంతంలో జాక్ ఎన్‌స్టాన్ అనే పారిశ్రామికవేత్త తోడయ్యాడు. ఆయన ద్వారా ఆంద్రే సిట్రోయెన్‌తో పరిచయం కుదిరింది. కొత్తగా కార్ల కంపెనీ పెట్టి, ప్రచారంలో అందరినీ మించిపోవాలని చూస్తున్న సిట్రోయెన్‌కు ఈ పట్టీలో వ్యాపారం కనిపించింది. రష్యా మంచు మీద నడిచింది ఆఫ్రికా ఇసుక మీద ఎందుకు నడవదు?

1922 డిసెంబర్ 17న అల్జీరియాలోని తుగ్గూర్త్ నుంచి అయిదు సిట్రోయెన్-కెగ్రెస్ బండ్లు బయల్దేరాయి. జార్జ్-మరీ హార్ట్, లూయీ ఒదువాఁ-దుబ్రేయ్ వాటికి నాయకులు. 1923 జనవరి 7న అవి టింబక్టూ చేరాయి. మోటారు వాహనాలు సహారా దాటడం అదే మొదటిసారి. ఒంటెల బిడారుకు నెలలు పట్టే దారిని మూడు వారాల్లో ముగించాయి. 1924-25లో ఆఫ్రికాను ఉత్తరం నుంచి దక్షిణానికి చుట్టిన యాత్ర, 1931-32లో బీరూట్ నుంచి పెకింగ్ దాకా సాగిన యాత్ర దాని తర్వాతివి.

ఈ మూడోది మన నేల మీదుగానే నడిచింది. 1931 వేసవిలో ఒక బృందం శ్రీనగర్ నుంచి గిల్గిట్‌కు హిమాలయ కనుమలు ఎక్కింది. కొండచరియలు విరిగిపడి దారి తెగిన చోట బండ్లను ముక్కలుగా విప్పి కూలీల భుజాల మీద మోయించారు, అవతల మళ్లీ బిగించారు. గిల్గిట్ దాటాక గుర్రాలే గతి అయ్యాయి. యాత్ర నాయకుడు హార్ట్ పెకింగ్ చేరాడు గానీ ఇంటికి రాలేదు. 1932 మార్చిలో హాంకాంగ్‌లో న్యుమోనియాతో చనిపోయాడు.

పేరు, డబ్బు సిట్రోయెన్‌కు చాలా కాలం నిలవలేదు. 1934 చివర్లో కంపెనీ దివాలా తీసి మిషెలిన్ చేతికి పోయింది. మరుసటి ఏడాది సిట్రోయెన్ మరణించాడు. కెగ్రెస్‌కు రెండోసారి పెద్ద అండ కూలింది. మరోవైపు అతని పట్టీ ఖండాలు దాటుతోంది. 1930ల మొదట్లో అమెరికా సైన్యం సిట్రోయెన్-కెగ్రెస్ బండి కొని పరీక్షించింది. రెండో ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో తిరిగిన అమెరికన్ హాఫ్‌ట్రాక్‌లకు మూలం అదే.

రెండు చేతుల కిటుకు

అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న కెగ్రెస్ ఈసారి గేరుబాక్సు మీద పడ్డాడు. మామూలు గేరుబాక్సులో గేరు మార్చాలంటే క్లచ్ తొక్కాలి. ఆ కాసేపు ఇంజిను శక్తి చక్రాలకు అందదు. ఆ ఖాళీని పోగొట్టడమే అతని లక్ష్యం.

బావిలో నుంచి చేద తోడటం చూసినవాళ్లకు అతని ఉపాయం వెంటనే బోధపడుతుంది. ఒక చెయ్యి తాడును వదలకముందే రెండో చెయ్యి పైన పట్టుకుంటుంది. అందుకే చేద మధ్యలో జారదు. కెగ్రెస్ గేరుబాక్సులో ఒక క్లచ్ బేసి గేర్లకు, మరో క్లచ్ సరి గేర్లకు. ఒకటో గేరులో కారు నడుస్తుండగానే రెండో గేరు పళ్లు కలిసి సిద్ధంగా ఉంటాయి. మొదటి క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది. శక్తి తెగదు.

ఆటోసెర్వ్ అనే పేరుతో 1939 నాటికి దాన్ని రూపొందించి, సిట్రోయెన్ త్రాక్సియోఁ అవాఁ కారుకు అమర్చాలని చూశాడు. కానీ పెట్టుబడి రాలేదు, యుద్ధం వచ్చింది. 1940లో పారిస్ జర్మన్ల వశమైంది. గేరుబాక్సు అటకెక్కింది. అప్పటికే తయారుచేసిన మరో నమూనాకు ఇంకా విచిత్రమైన గతి పట్టింది. మనిషి లేకుండా దూరం నుంచి నడిపే చిన్న పట్టీల బండి అది. సేన్ నది దగ్గర జర్మన్లకు దొరికిన ఆ నమూనాయే, పేలుడు మందు మోసుకెళ్లే గోలియత్ అనే వాళ్ల ఆయుధానికి ప్రేరణ అయింది. జార్ పోయాక రష్యాలో జరిగిందే మళ్లీ జరిగింది. యంత్రం అతనిది, చెయ్యి వేరేవాళ్లది.

1943 ఫిబ్రవరిలో, శత్రువు ఆక్రమణలోనే ఉన్న ఫ్రాన్స్‌లో, పారిస్ పక్కన క్రువాసీ-సుర్-సేన్‌లో కెగ్రెస్ మరణించాడు.

కంప్యూటర్ వచ్చేదాకా

రెండు క్లచ్‌లలో ఒకటి ఎప్పుడు వదలాలి, మరొకటి ఎంత పట్టాలి అన్నది క్షణంలో వెయ్యో వంతుల లెక్క. 1939లో ఆ లెక్క వేసే సాధనం లేదు. నలభై ఏళ్ల తర్వాత ఎలక్ట్రానిక్స్ ఆ లోటు తీర్చింది. 1980లలో పోర్షె తన 956, 962 రేసు కార్లలో డ్యూయల్ క్లచ్‌ను పరీక్షించింది. 1986లో మోంజా రేసును ఆ గేరుబాక్సున్న 962 గెలిచింది. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో అది షోరూముకు చేరింది. కెగ్రెస్ పోయి అప్పటికి అరవై ఏళ్లు.

మరి నెమ్మదిగా దిగేటప్పుడు కుదుపు ఎందుకు? ఒకటో గేరుకు, రెండో గేరుకు మధ్య తేడా మిగతా గేర్లకన్నా ఎక్కువ. ఒకటో గేరు నిష్పత్తి 3.5, రెండోది 2 అనుకుందాం. రెండో గేరులో ఇంజిను 1,000 ఆర్‌పీఎం వద్ద ఉంటే, అదే వేగంలో ఒకటికి దిగేసరికి 1,750కి చేరాలి. గేరుబాక్సు ముందుగా ఇంజినును ఆ స్థాయికి లేపి, ఆ తర్వాత క్లచ్ పట్టాలి. లెక్క కాస్త తప్పినా, తేడా అంతా చక్రాలకు కుదుపుగా చేరుతుంది. పాత తరహా ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ ఈ దెబ్బను మింగేస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో ఆ మెత్తదనం లేదు.

పైగా డ్రైవరు మనసు కంప్యూటర్‌కు తెలియదు. ఆగడానికి బ్రేకు నొక్కుతున్నాడనుకుని ఒకటికి సిద్ధమవుతుంది. అతను అంతలో బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఒక చెయ్యి తాడు వదిలింది, రెండో చెయ్యి ఇంకా అందుకోలేదు. స్పోర్ట్స్ కారులో ఈ తడబాటు మరింత తెలుస్తుంది. ఎందుకంటే ఇంజినును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు గట్టిగా ఉంటాయి, తిరిగే భాగాలు తేలిగ్గా ఉంటాయి, క్లచ్ చప్పున పట్టేలా తీర్చిదిద్దుతారు.

కొద్దిపాటి కుదుపు ఈ యంత్రం స్వభావం. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువగా ఉండటమూ మామూలే. మునుపు లేనిది కొత్తగా మొదలైనా, రోజురోజుకూ ముదిరినా అది స్వభావం కాదు, జబ్బు. క్లచ్ అరగడం, ఆయిల్ పాతబడటం, క్లచ్ పట్టే బిందువును కంప్యూటర్ తప్పుగా గుర్తుపెట్టుకోవడం సాధారణ కారణాలు. చివరిదాన్ని వర్క్‌షాపులో మళ్లీ సరిచేయించవచ్చు. కాన్వాయ్‌లో, ట్రాఫిక్‌లో ముందు బండికి కాస్త ఎడం ఉంచి ఒకే వేగంతో పోవడం, ఫెర్రీ ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో ఒకటో గేరునే పట్టి ఉంచడం ఇటు నడిపేవాడికీ, అటు క్లచ్‌కూ మేలు.

కెగ్రెస్ జీవితంలో సగం, చక్రం కదలలేని చోట బండిని నెమ్మదిగానైనా ముందుకు నడిపించడానికే గడిచింది. ఆ పట్టీలు మంచులో, ఇసుకలో, కొండ దారుల్లో అతను బతికుండగానే గెలిచాయి. గేరుబాక్సు మాత్రం రేసు ట్రాకు మీద గెలిచి, నెమ్మదిగా నడవడం దగ్గర నేటికీ పాఠాలు నేర్చుకుంటూనే ఉంది.