రాతిలో సముద్రాన్ని చూసిన బీరూనీ

బావి తవ్వుతుంటే గడ్డపార దెబ్బకు ఒక రాయి పగిలి, అందులో గవ్వ కనబడితే మనం ఏం చేస్తాం? పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇస్తాం. లేదా మట్టితోపాటు గట్టున పోస్తాం. అబూ రైహాన్ అల్‌ బీరూనీ అలాంటి గవ్వ దగ్గర ఆగిపోయారు.

ఆయన 973లో ఖ్వారిజ్మ్‌లో, అంటే నేటి ఉజ్బెకిస్తాన్ ప్రాంతంలో జన్మించారు. చిన్నవాటిని సైతం వదలని చూపు ఆయనది. దాదాపు 1000వ సంవత్సరంలో రాసిన గ్రంథంలో పూల రేకులను కూడా లెక్కపెట్టారు. మూడు, నాలుగు, అయిదు, ఆరు రేకుల పూలు ఉన్నాయి గాని ఏడు, తొమ్మిది రేకులవి కనిపించడం అరుదని గమనించి ఆశ్చర్యపోయారు.

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి ఆయనను గజ్నీకి తీసుకుపోయాడు. అది ఇష్టపడి చేసిన ప్రయాణం కాదు. అయినా కలం ఆగలేదు. 1025లో పట్టణాల స్థానాలను లెక్కకట్టే గ్రంథం ఒకటి పూర్తిచేశారు. గజ్నీ నుంచి ఖిబ్లా దిక్కును కచ్చితంగా తేల్చడం అందులోని ఉద్దేశాల్లో ఒకటి. శిలాజాల ప్రస్తావన వచ్చింది ఆ గ్రంథంలోనే!

అరబ్బు ఎడారి ఒకప్పుడు సముద్రమని, తర్వాత పూడిపోయిందని ఆయన అందులో రాశారు. అక్కడ బావులు, చెరువులు తవ్వినప్పుడు మట్టి, ఇసుక, గులకరాళ్ల పొరలు బయటపడతాయి. రాళ్లు పగలగొడితే ఆల్చిప్పలు, గవ్వలు దొరుకుతాయి. కొన్ని చెక్కుచెదరకుండా ఉంటాయి. కొన్ని శిథిలమై, వాటి ఆకారంలో ఖాళీ మాత్రం మిగిలి ఉంటుంది. ఎవరూ చేత్తో పెట్టినవి కావవి.

మరి ఇంత మార్పుకు ఎన్నేళ్లు పట్టింది? ఈ ప్రపంచం సృష్టించబడిందన్న విషయంలో ఆయనకు సందేహం లేదు. కాని సృష్టి జరిగి ఎంతకాలమైందో లెక్క చెప్పడానికి ఆయన పూనుకోలేదు. మానవ బుద్ధికి అందనంత దీర్ఘకాలం గడిచిందని రాళ్లు తెలుపుతున్నాయని మాత్రం రాశారు. గవ్వను చూసిన ఆశ్చర్యంలో ఏదో ఒక అంకె చెప్పేయడం ఎంత సులభం! ఆయన చెప్పకపోవడమే మాకు గొప్పగా తోస్తుంది.

సుమారు 1030లో ముగించిన హిందూదేశ గ్రంథంలోనూ ఇదే చూపు. కొండల దగ్గర నదిలో రాళ్లు పెద్దవి, దూరం పోయేకొద్దీ చిన్నవి, సముద్రం దగ్గర ఇసుక. దీన్నిబట్టి ఉత్తరాది మైదానం సముద్రాన్ని నదులు పూడ్చగా ఏర్పడిన నేల అని ఊహించారు. సముద్రం మాట ఎలా ఉన్నా, అది నదులు తెచ్చి పోసిన ఒండ్రునేల అన్నది నేటి శాస్త్రానికీ సమ్మతమే.

ముసలితనంలో రత్నాల మీద ఒక పుస్తకం రాశారు. సృష్టిలోని వివేకపు సూచనలను గుర్తించి సృష్టికర్త వైపు సాగడానికే మనిషికి కంటిచూపు ఇవ్వబడిందని దాని తొలి పుటల్లో వివరించారు.

దాదాపు 1048లో గజ్నీలో మరణించారు. చివరి ఘడియల్లో తనను చూడవచ్చిన ఒక ఫిఖ్‌హ్ పండితుణ్ణి ఆయన వారసత్వ వాటాలలోని ఒక చిక్కు సమస్య గురించి అడిగారని చరిత్రకారుడు యాఖూత్ నమోదు చేశాడు. ఈ స్థితిలో ఎందుకని ఆ పండితుడు తటపటాయించినా ఆయన పట్టు విడవలేదు. విన్నారు, తిరిగి అప్పజెప్పారు. పండితుడు సెలవు తీసుకుని వీధిలోకి వచ్చాడో లేదో, ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి.