బీజగణిత పండితుడు సమౌవల్ మగ్రిబీ (రహ్మలై)



మన ఇళ్లలో పిల్లల చదువు ప్రస్తావన వస్తే రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి దీనీ చదువు, రెండోది దునియా చదువు. ఈ రెంటి మధ్య గోడ కట్టి, పిల్లవాణ్ణి ఏదో ఒక వైపు నిలబడమంటాం.

పామర్రులో ఒక రోజు అస్ర్ నమాజు తర్వాత డిగ్రీ చదివే కుర్రవాడొకడు లెక్కల పుస్తకం పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. బహుపదుల సదిశాంతరాళాలు, వాటి పరిమాణం అనే పాఠం దగ్గర ఆగిపోయానన్నాడు. దీన్‌తో సంబంధం లేని ఈ చదువు మానేస్తే తప్పేమిటని అడిగాడు. మదరసాలో వారసత్వ వాటాల లెక్కలతో కుస్తీ పట్టిన మాకు ఆ ప్రశ్న వింతగా తోచింది. తొమ్మిదో శతాబ్దంలో ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం ఈ వారసత్వ లెక్కలే కదా! ఆ కుర్రవాడికి మేము చెప్పిన జీవిత గాథనే ఇక్కడ మీ ముందుంచుతున్నాం.

సమౌవల్ బిన్ యహ్యా మగ్రిబీ సుమారు 1130లో బాగ్దాద్‌లో ఒక యూద కుటుంబంలో జన్మించారు. తండ్రి మొరాకోలోని ఫేజ్ నగరం నుంచి వచ్చి స్థిరపడిన ధర్మపండితుడు, హెబ్రూ కవి. తల్లి కూడా చదువుకున్న స్త్రీయే. పదమూడో ఏట ఆయన వైద్యం, గణితం మొదలుపెట్టారు. భారతదేశం నుంచి అరబ్బులకు చేరిన అంకెల లెక్కలూ నేర్చుకున్నారు. కొంతకాలానికి పై స్థాయి గణితం చెప్పగల ఉస్తాదు బాగ్దాద్‌లో దొరకలేదు. ఆయన నిరాశపడలేదు. అబూ కామిల్, కరజీ వంటి పెద్దల గ్రంథాలను సొంతంగా చదివి అర్థం చేసుకున్నారు. పంతొమ్మిదో ఏట 'అల్ బాహిర్' అనే బీజగణిత గ్రంథం రాశారు. మన పిల్లలు డిగ్రీలో ఉండే వయసది!

ఆ గ్రంథంలో ఆయన చేసిన గొప్ప పని ఒకటుంది. బహుపదిని మాటల్లో చెప్పుకుంటూ పోవడానికి బదులు గడుల పట్టికగా రాశారు. ప్రతి ఘాతానికీ ఒక గడి. ఆ గడిలో దాని గుణకం. ఏదైనా ఘాతం లేకపోతే అక్కడ సున్నా. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నీ ఈ గడుల మీదే నడిపారు.

మన వంటింటి పోపుల పెట్టెను తలచుకోండి. నాలుగు గిన్నెలున్నాయనుకుందాం: ఒకటి స్థిరసంఖ్యకు, ఒకటి ఎక్స్‌కు, ఒకటి దాని వర్గానికి, ఒకటి ఘనానికి. దేనిలో ఎంత ఉందో చెబితే చాలు, బహుపది మొత్తం తెలిసిపోతుంది. కనుక ఘనం దాకా ఉండే బహుపదుల అంతరాళానికి పరిమాణం 4. ఘాతం మూడే అయినా గిన్నెలు నాలుగు. స్థిరసంఖ్య గిన్నెను మరిచిపోయే పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు.

ఇప్పుడు ఒక షరతు పెడదాం: నాలుగు గుణకాల మొత్తం సున్నా కావాలి. మూడింటిని మన ఇష్టప్రకారం వేసుకోవచ్చు, నాలుగోది తనంతట తానే నిర్ణయమైపోతుంది. కాబట్టి ఈ ఉపాంతరాళం పరిమాణం 3. మొత్తానికి రెట్టింపు కూడా సున్నా కావాలని మరో షరతు పెడితే? అది కొత్త షరతు కాదు, పాతదే మళ్లీ చెప్పడం. పరిమాణం 3గానే ఉంటుంది. ఎన్ని షరతులు పెట్టామన్నది కాదు, వాటిలో నిజంగా కొత్తవి ఎన్ని అన్నదే లెక్క.

సదిశాంతరాళం అన్న పేరు సమౌవల్‌కు తెలియదు. దానికి ఇటలీ పండితుడు పియానో 1888లో నిర్వచనం ఇచ్చాడు. కానీ ఆ ఆలోచన దారిలో సమౌవల్ ఏడు శతాబ్దాల ముందే నడిచారు. తెలియని పది సంఖ్యలు తీసుకుని, ఆరేసి చొప్పున కూడితే వచ్చే మొత్తాలిచ్చి, ఆ పదింటిని కనుక్కోవాలని ఒక లెక్క వేశారు. అలా 210 సమీకరణాలు వస్తాయి. సరిగ్గా ఎంచుకుంటే పదే చాలు. మిగిలినవి వాటితో పొసగాలి. అవి పొసగడానికి ఆయన 504 షరతులు రాశారు. నేటి లెక్కలో స్వతంత్రమైనవి 200 మాత్రమే. అయినా ఇచ్చిన మాటలు ఒకదానితో ఒకటి పొసగుతాయా లేదా అని ముందు పరీక్షించాలన్న ఆయన పట్టుదల చూడండి!

వైద్యుడిగా ఆయన ఇరాక్, సిరియా, అజర్‌బైజాన్ ప్రాంతాలు తిరిగారు. మత విషయాల్లోనూ అదే పరీక్షా దృష్టితో చాలా కాలం ఆలోచించారు. సత్యం బోధపడినా తండ్రి మనసు నొచ్చుకుంటుందని ఏళ్ల తరబడి ఆగారు. చివరకు హిజ్రీ 558లో, అంటే 1163లో, మరాగా నగరంలో ఇస్లాం స్వీకరించారు. తండ్రికి ఉత్తరం రాసి విషయం తెలిపారు. కుమారుణ్ణి చూడాలని బయల్దేరిన ఆ వృద్ధుడు కలుసుకోకముందే కన్నుమూశారు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా మా గుండె బరువెక్కుతుంది. విశ్వాసం వేరైనా ఆ తండ్రి ప్రేమ చిన్నది కాదు, ఆ కుమారుడి గౌరవమూ చిన్నది కాదు.

తర్వాత ఆయన జ్యోతిష్కుల తప్పులను ఎండగడుతూ ఒక గ్రంథం రాశారు. 1172లో భారతీయ అంకెల లెక్కల మీద మరో గ్రంథం రాసి, అందులో దశాంశ భిన్నాలు వివరించారు. మొత్తం 85 దాకా రచనలు చేశారని చెబుతారు. వాటిలో అధికభాగం మనకు దక్కలేదు. సుమారు 1180లో మరాగాలోనే పరమపదించారు.

తల్లిదండ్రులారా! ఉస్తాదు దొరకలేదని ఆయన చదువు మానలేదు. మీ పిల్లవాడు లెక్కల దగ్గర ఆగిపోతే అది మన చదువు కాదని చెప్పి ఆపకండి. పక్కన కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పండి. పిల్లలారా! మీరు ఎంత పెద్ద చదువు చదివినా అమ్మానాన్నల మనసు కనిపెట్టి మసలుకోండి.

పామర్రు కుర్రవాడు ఆ రోజు మగ్రిబ్ అజాన్ వేళకు నాలుగు గిన్నెలూ తన నోటుబుక్కులో గీసుకున్నాడు. అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానికి తగిన వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.